చిక్కిపోయావేంటయ్యా

మా వైపు మనిషి ఒంటి గురించి మాట్లాడ్డానికి రెండే మాటలున్నాయి. ఒకటి ‘ఒళ్లు చేశాడు’, రెండోది ‘చిక్కిపోయాడు’. మొదటిది శుభవార్త. ఉద్యోగం కుదిరిందనో, పెళ్లయిందనో, ఆ ఏడు మిర్చికి రేటు పలికిందనో అర్థం. రెండోది చావుకబురుకి ఒక మెట్టు కింద. చిక్కిపోయినవాడికి జబ్బైనా ఉండాలి, అప్పైనా ఉండాలి, లేదంటే ఇంట్లో ఆడవాళ్లు సరిగ్గా పెట్టకపోయి ఉండాలి. కావాలని చిక్కిపోవడం అనే పనికి మా ఊరి తెలుగులో క్రియాపదం లేదు. ‘బరువు తగ్గడం’ అన్నది పేపర్లలోనూ యూట్యూబ్‌లోనూ పుట్టిన మాట. మా అమ్మ నోట అది వింటే ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంటుంది.

2025 సంక్రాంతికి పద్నాలుగు కిలోలు తగ్గి ఊరెళ్లాను. పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య, నల్లరేగడి నేలలో ఉంటుంది మా ఊరు. బస్సు దిగి ఇల్లు చేరేలోపు నలుగురు ఆపారు. నలుగురిదీ ఒకటే ప్రశ్న: “చిక్కిపోయావేంటయ్యా?” ఐదో ఆయన గొంతు తగ్గించి, “షుగరా?” అన్నాడు. “లేదు బాబాయ్, కావాలనే తగ్గా” అంటే నమ్మలేదు. సాయంత్రానికి మా అమ్మని పలకరించడానికి ఇద్దరొచ్చారు. పలకరింపు అంటే మా ఊళ్లో ఏమిటో తెలిసినవాళ్లకి తెలుసు.

కావాలని తగ్గడానికి ముందు భయపడాల్సి వచ్చింది. 2023 నవంబరు, హైదరాబాద్. ఒక రిలీజ్ రాత్రి రెండు గంటలప్పుడు ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి లాగుతోంది. చెమటలు. టీంలో కుర్రాడొకడు కారులో దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీ మామూలుగానే ఉంది, ట్రోపోనిన్ కూడా. తెల్లారేసరికి ‘గ్యాస్’ అని తేల్చారు. ఆ మాట వినగానే మావాడు నవ్వాడు, నేనూ నవ్వాను. పనిలో పనిగా తీసిన మిగతా రిపోర్టులు మాత్రం మధ్యాహ్నం వచ్చాయి. ట్రైగ్లిజరైడ్స్ 412. హెచ్‌బీఏ1సీ 6.3. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2. అప్పటికి నాకు ముప్ఫై నాలుగు, బరువు 94 కిలోలు, నడుము 104 సెంటీమీటర్లు.

“నాన్నగారికి షుగరుందన్నారు కదా. ఎన్నో ఏట వచ్చింది?” అన్నాడు డాక్టరు.

“యాభై రెండో ఏట.”

“ఇలాగే ఉంటే మీకు నలభై లోపే వస్తుంది.”

ఆయనేమీ బెదిరించలేదు. రైలు ఎన్నింటికొస్తుందో చెప్పినట్టు చెప్పాడు. అదే ఎక్కువ భయపెట్టింది.

నాలాంటివాడు భయపడితే చేసే మొదటి పని చదవడం. 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ఫొటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్‌కి చెందిన జాన్ యడ్కిన్, ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2. చూడ్డానికి ఇద్దరూ బక్కపలచనే. మన కొవ్వు పైకి కనపడకుండా లోపల చేరుతుంది. అందుకే మనవాళ్లకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద, మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం కింద లెక్క. ఐసీఎంఆర్ వాళ్ల పెద్ద సర్వే 2023లో వచ్చింది. దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు 13.6 కోట్లు అని తేల్చింది. గుమ్మం దగ్గర ఆ క్యూలో నాకు చోటు దొరికింది.

మా జిల్లాల్లో ఈ భయం పట్టుకున్నవాడికి గురువుల కొరత ఉండదు. నా చిన్నప్పుడు మంతెన సత్యనారాయణరాజు గారు. ఉప్పు మానమంటారు, పచ్చికూరలు తినమంటారు, నీళ్లు తాగమంటారు. విజయవాడ కృష్ణ ఒడ్డున ఆశ్రమం. 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారు. అన్నం బంద్, కొబ్బరినూనె, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. కల్యాణమండపాలు నిండిపోయేవి. టీవీల్లో డాక్టర్లు కూర్చుని ఆయనతో గొడవపడేవారు. మా బాబాయి నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గి, పెళ్లిళ్ల సీజన్ రాగానే మానేశాడు. ఆ తర్వాత ఖాదర్ వలీ గారు. పుట్టింది ప్రొద్దుటూరు, ఉండేది మైసూరు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అనే ఐదు సిరిధాన్యాలు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లోనే ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు మాటలు రాసే అలవాటు వల్లనేమో, ముగ్గురి వీడియోలూ పేషెంటులా కాకుండా పాఠకుడిలా విన్నాను. మంతెన గారిది శతక పద్ధతి. ప్రతి నాలుగు వాక్యాలకీ ఒక నీతి, గొంతు పెరగదు, మకుటం మారదు. వీరమాచనేని గారిది మాస్ సినిమా. ఇంటర్వెల్‌కి ముందు విలన్, తర్వాత స్టేజీ మీద చిక్కిపోయిన జనం చప్పట్లు. ఖాదర్ వలీ గారిది పురాణం. ఒకప్పుడు కృతయుగం, అప్పుడు అందరూ మంచి గింజ తిన్నారు, తర్వాత వరీ గోధుమా వచ్చి కలి ప్రవేశించింది. ముగ్గురి మాటా పట్టుకుని బాగుపడ్డవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు, కాబట్టి ఎకసెక్కం చెయ్యను. ఒక పదార్థాన్ని రాక్షసుణ్ని చేస్తే తప్ప మనకి కథ ఎక్కదు, అదే నా ఇబ్బంది. మద్రాసులో రామచంద్రన్ బృందం చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. గుమ్మం దగ్గరున్నవాళ్లతో రోజూ అరగంట నడిపించి, తిండి సరిచేయిస్తే, వాళ్లలో షుగరు రావడం 28.5 శాతం తగ్గింది. బ్రిటన్లో 2017లో వచ్చిన డైరెక్ట్ అనే ప్రయోగంలో, షుగరొచ్చి ఆరేళ్లు దాటనివాళ్లలో పదిహేను కిలోలు, అంతకుమించి తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాదికల్లా మందుల్లేకుండానే షుగరు అదుపులోకొచ్చింది. ఈ రెంటిలోనూ విలన్ లేడు. అందుకే వాట్సప్‌లో తిరగవు.

విలన్ సంగతి మా నాయనమ్మ దగ్గర తేలింది.

గచ్చిబౌలి సూపర్‌మార్కెట్‌లో కొన్న కొర్రల ప్యాకెట్ ఒకటి ఊరికి తీసుకెళ్లాను. అర కిలో తొంభై ఐదు రూపాయలు. నాయనమ్మకి ఎనభై నాలుగు. ప్యాకెట్ చించి గింజలు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, “ఇదా నువ్వు తినేది?” అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి మంచం మీద నడుం వాల్చాక మొదలుపెట్టింది. “ఇది దంచితే పొట్టు ఊడి చావదురా. తెల్లారుజామున లేచి నేనూ మా అత్తా చెరో రోకలీ పట్టుకునేవాళ్లం. చేతులు బొబ్బలెక్కేయి. మీ తాత పొలం నుంచొచ్చేసరికి ఉడకాలి. దీన్ని తప్పించుకోడానికేగా కాలవ కోసం కళ్లు కాయలు కాసేట్టు చూసింది.”

కాలవ అంటే సాగర్ కుడికాలవ. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అంతకుముందు గుంటూరు, ఒంగోలు మెట్ట గ్రామాల్లో వరన్నం అంటే పండగ, పురుడు, చుట్టం. మిగతా రోజులు జొన్న, సజ్జ, వరిగ, కొర్ర. శ్రీనాథుడి పేరు మీద చలామణీ అయ్యే చాటువుల్లో పల్నాటి మీద ఎత్తిపొడుపులు అందరికీ తెలిసినవే. సన్నన్నానికి అలవాటుపడ్డ ఆస్థానకవి జొన్నకూడు చూసి పడ్డ బాధ అంతా ఇంతా కాదు. దేవలోకపు అందగత్తె వచ్చినా ఇక్కడ పత్తి వడకాల్సిందేనని ఒక చాటువులో వెక్కిరిస్తాడు. పత్తీ జొన్నా ఒకే పద్యంలో ఇరుక్కున్న మా నేలకి అంతకంటే పాత వర్ణన నేను చూళ్లేదు. ఆ పద్యం చదివి మనం ఆరొందల ఏళ్లుగా కవి వైపు నిలబడి నవ్వుతున్నాం. వెక్కిరింతకి గురైన కంచం మా నాయనమ్మది.

నీళ్లొచ్చాయి. తర్వాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1986లో బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి బీపీటీ 5204 వచ్చింది, మనం సాంబ మసూరి అని పిలుచుకునేది. మల్లెపూవులాంటి అన్నం. మూడు పూటలా వరన్నం తిని పెరిగిన మొదటి తరం మా ఇంట్లో నాదే. మా నాన్నకి చిన్నతనమంతా జొన్నన్నం గుర్తే. అంటే మేం ‘అనాదిగా తింటున్నాం’ అనుకునే భోజనం వయసు నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, అంతే. ఇంకో తమాషా ఉంది. అదే సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే గుణం కలిపి హైదరాబాద్ సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థల వాళ్లు 2008లో ఒక రకం విడుదల చేశారు. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ యాభై చిల్లరేనని తర్వాత బయటపడింది. మంచిగింజ, చెడ్డగింజ అని గీత గీసేవాళ్లకి ఇదొక చిక్కు.

చిరుధాన్యాల పురాణంలో రోకలి ఉండదు. మిల్లులో పొట్టు తీసి, రాళ్లు ఏరి, ప్యాకెట్లో వచ్చిన కొర్రలు నాకు ఆరోగ్యం. ఆవిడకి అవి తెల్లారుజాము చీకటి. నేను అన్నం తగ్గిస్తున్నానంటే ఆవిడ చెవికి ఇంకోలా వినిపించింది: మీరు గెలుచుకొచ్చినదాన్ని నేను వెనక్కిచ్చేస్తున్నాను అని. మా ఇంట్లో గొడవంతా క్యాలరీల గురించి కాదని నాకు ఆ రాత్రే అర్థమైంది.

అన్నం తగ్గిస్తే వచ్చే రెండో సమస్య పచ్చడి. ఇది మా ప్రాంతం వాళ్లకే ఉండే సమస్యనుకుంటా. గోంగూర, పండుమిరపకాయ, పచ్చిమిరపకాయ దోసకాయ, చింతకాయ. ఇవి కూరలు కావు, అన్నాన్ని లోపలికి పంపే యంత్రాలు. నిమ్మకాయంత పచ్చడి, చెంచాడు నూనె, దాంతో సగం కంచం అన్నం నల్లేరు మీద బండిలా సాగిపోతుంది. కూరగాయలు కొనలేని ఇంట్లో, పొలంలో పది గంటలు వంగి పనిచేసే ఒంటికి, తక్కువ ఖర్చుతో ఎక్కువ శక్తి ఎక్కించాలంటే ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఉండదు. మిరపకాయ దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చి ఐదొందల ఏళ్లే అవుతోంది. శ్రీనాథుడు తిట్టిన పల్నాటి భోజనంలో అది లేనే లేదు. జొన్నకూడుని కారం లేకుండా తిన్నాడన్నమాట, ఆ లెక్కన ఆయన కోపంలో కొంత న్యాయముంది.

ప్రతి జనవరిలో మిరప కోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వస్తారు. రాత్రి కల్లం పక్కన పొయ్యి వెలిగించి వండుకుంటారు. వాళ్లు తినే అన్నం రాశి చూస్తే నా కిచెన్ స్కేలు సిగ్గుపడుతుంది. వాళ్లలో పొట్ట ఉన్నవాడు ఒక్కడూ కనపడడు. నేను వాళ్ల కంచం తీసుకెళ్లి గచ్చిబౌలిలో కుర్చీ ముందు పెట్టుకున్నాను. పదమూడేళ్ల పాటు.

చేసినదేమిటో చెప్పమని స్నేహితులు అడుగుతుంటారు. చెప్పడానికి అంత సరుకు లేదు. మొదటి వారం ఏమీ మార్చకుండా, తినే అన్నం తూచానంతే. మధ్యాహ్నం ఒక్కపూటే 520 గ్రాముల అన్నం. వంద గ్రాముల వండిన అన్నానికి 130 క్యాలరీలు వేసుకున్నా ఏడొందలకి దగ్గర. నూనె, నెయ్యి, పెరుగు కలపకముందు. దాన్ని మూడు నెలల్లో 150కి తెచ్చాను. ఖాళీ అయిన చోట పప్పు, కూర, గుడ్లు, శనగలు పెట్టాను. రాత్రి భోజనం ఎనిమిది లోపు. ఆఫీసులో రోజుకి ఐదు టీలుండేవి, రెండయ్యాయి, చక్కెర పోయింది. సాయంత్రం గంట నడక, తర్వాత కొంచెం బరువులెత్తడం. మొదటి నెల ఆకలి కంటే విసుగు ఎక్కువ బాధపెట్టింది. పచ్చడి కలపని పూట భోజనం అయిపోయినట్టు అనిపించేది కాదు. ఎవరో సినిమా క్లైమాక్స్ కత్తిరించినట్టుండేది. ఆరో నెలలో 85 దగ్గర బరువు ఆగిపోయి తొమ్మిది వారాలు కదల్లేదు. ఆ తొమ్మిది వారాల గురించి ఎవరూ వీడియో చెయ్యరు. పద్నాలుగో నెలకి 80 కిలోలు, నడుము 91. హెచ్‌బీఏ1సీ 5.6, ట్రైగ్లిజరైడ్స్ 148. నడుము ఇంకా సెంటీమీటరు ఎక్కువే.

ఇంగ్లీషులో ఇలాంటి కథల అల్మరా నిండిపోయింది. చాలావాటిలో చివరికి కొత్త మనిషి పుడతాడు. రాక్సేన్ గే 2017లో రాసిన ‘హంగర్’ ఒకటి నచ్చింది, తనది విజయగాథ కాదని ఆవిడ మొదట్లోనే చెప్పేస్తుంది. మన దగ్గర తిండి గురించి రాస్తే ఆకలి కథ అవుతుంది, లేదా ‘మిథునం’ అవుతుంది. శ్రీరమణ గారి కథ నాకిష్టం, తనికెళ్ల భరణి తీసిన సినిమా కూడా. కానీ రిపోర్టులొచ్చాక మళ్లీ చూస్తే, అప్పదాసు ప్రతి గారెకీ నా చెయ్యి గ్లూకోమీటరు వైపు పోయింది. పెట్టడమే ప్రేమ అయిన భాషలో వద్దనడానికి మర్యాదైన మాట ఏమిటి?

మా అమ్మకి ఆ మాట నేనింకా కనిపెట్టలేదు. సంక్రాంతికి స్కేలు బ్యాగులో పెట్టుకెళ్లాను. కంచం దాని మీద పెట్టగానే అమ్మ గరిటె ఆపేసింది.

“అన్నాన్ని కాటా వేస్తావేంట్రా? మిరపకాయలా?”

నాన్న పక్కనే ఉన్నాడు. “పద్నాలుగు కిలోలు తరుగు తీశారే వాడికి. మన యార్డు నయం” అన్నాడు. అమ్మ నవ్వలేదు. నాలుగు రోజులూ ఆ స్కేలుని గూట్లో పైన పెట్టేసింది. నేను అడగలేదు, గరిటెల లెక్కన తిన్నాను. మూడో గరిటెకి చెయ్యి అడ్డం పెట్టిన ప్రతిసారీ ఆవిడ మొహం చూడకుండా ఉండటం నేర్చుకున్నాను. “ఊళ్లో అందరూ నేను వండి పెట్టట్లేదనుకుంటున్నారు” అంది వెళ్లేరోజు. పెళ్లికాని ముప్ఫై ఐదేళ్ల కొడుకు చిక్కిపోతే ఊరు ఇంకా చాలా అనుకుంటుంది, అవి అమ్మ చెప్పలేదు.

నాన్న సంగతి వేరు. పదకొండేళ్లుగా షుగరు. పొద్దున మాత్ర, రాత్రి మాత్ర, మధ్యలో మామూలు భోజనం. రెండేళ్ల కిందట కాలి బొటనవేలి దగ్గర పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. నా భయానికి మూలం ఆ రాత్రి ఛాతీ నొప్పి కాదు, ఆ కట్టు. ఆ 86 శాతం లెక్క ఆయనకి వర్తించదు, ఆయన ఆరేళ్లు ఎప్పుడో దాటేశాడు. అయినా తగ్గిస్తే తగ్గినంత మేలే. ఆ మాట అంటే, “మా నాన్న జొన్నకూడు తిని అరవైకే పోయాడు. నేను వరన్నం తిని అరవై మూడుకొచ్చా” అంటాడు. దానికి నా దగ్గర ఏ జర్నల్లోనూ జవాబు లేదు.

పైగా అది తిండి గురించి మాట్లాడే ఏడు కాదు. 2025లో మిర్చి ధర కూలిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలని ప్రకటిస్తే, కోత కూలీ, మందులు, కౌలు లెక్కేసుకున్నవాళ్లు దాన్ని చూసి తల పట్టుకున్నారు. నాన్న టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నాడు. రోజూ ఫోన్ చేస్తే నేను ఆయన షుగరు ఎంతని అడుగుతాను, ఆయన నాకు గుంటూరు యార్డులో తేజ రకం ఎంతుందో చెప్తాడు. రెండూ ఆయన చేతిలో లేవన్నట్టే చెప్తాడు.

ఏప్రిల్‌లో అమ్మ ఫోన్లో ఒక సంగతి చెప్పింది, ఏదో మామూలు కబురులా. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్న తింటే షుగరు ఒక్కసారిగా ఎగబాకదని నేను సంక్రాంతికి వాగి ఉంటాను. చిన్న చిన్న ప్రయోగాలే అయినా అందులో నిజముంది. ఆవిడ నాన్నతో ఆ మాట ఎత్తలేదు. రోజూ వంటయ్యాక గిన్నెడు కూర చేతికిచ్చి, “ఉప్పు సరిపోయిందో లేదో చూడు” అంటోందట. ఆయన గిన్నె ఖాళీ చేసి సరిపోయిందంటాడట. తర్వాత కంచంలోకి వచ్చే అన్నం దానంతటదే ఒక గరిటె తగ్గిందట.

“నాన్నకి తెలీదా?” అన్నాను.

“నలభై ఏళ్లుగా నా వంటలో ఉప్పు తప్పింది లేదు. ఆయనకి ఆమాత్రం తెలీదంటావా?” అంది.

మొన్న పరగడుపున 148 వచ్చిందట. అంతకుముందు నెల 171. మంచిదే, చాలదు. నాకు ఈ నెల ఇరవైన మళ్లీ టెస్టులున్నాయి. దానికి సరిగ్గా వారం ముందు చిలకలూరిపేటలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి. బఫే పెట్టొద్దని పెద్దాయన పట్టుబట్టాడట. బంతి భోజనాలేనంట, వడ్డన మా బాబాయిలది.